ఇంట్లో కన్నా బయటే ఎక్కువ మంది!

కాకసస్ కొండల్లో ఆర్మేనియా చిన్న దేశం. జనాభా సుమారు 30 లక్షలే. దేశంలో కన్నా బయటి దేశాల్లోనే ఆర్మేనియన్లు ఎక్కువ. పొట్ట చేత పట్టుకుని వచ్చిన మనకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే వాళ్లలో చాలామంది పెద్దలు బతుకుదెరువుకు వెళ్లలేదు. 1915లో ఒట్టోమన్ పాలనలో మొదలైన మారణహోమం నుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయారు.

పదిమంది కలిసి వ్యాన్ మాట్లాడుకుంటే రాజధాని యెరెవాన్, చుట్టుపక్కల ఊళ్లు నాలుగు రోజుల్లో చూసి రావచ్చు. ముందుగా మారణహోమ స్మారకం. 12 రాతి పలకల నడుమ ఆరని జ్యోతి వెలుగుతుంటుంది. గార్నిలో స్తంభాల గుడి, దగ్గర్లోనే కొండను తొలిచిన గెఘార్ద్ మఠం చూస్తే మన ఉండవల్లి గుహలు గుర్తుకొస్తాయి. ఖోర్ విరాప్ మఠం దగ్గర నిలబడితే ఎదురుగా మంచు కప్పిన అరరాత్ కొండ. వాళ్ల రాజముద్రలో ఉన్న ఆ కొండ ఇప్పుడున్నది టర్కీలో!

కొండ చేజారినా అక్షరం చేజారలేదు. క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ కూర్చిన లిపినే నేటికీ రాస్తున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో అచ్చయింది ఎక్కడో తెలుసా? మన మద్రాసులో! అక్కడ వాళ్ల చర్చి ఇప్పటికీ ఉంది.

తిండికి బెంగలేదు. మన తందూరు లాంటి 'తోనిర్'లో కాల్చే పల్చటి లవాష్ రొట్టెను 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

టికెట్ కొనేముందు వీసా నిబంధనలు ఎంబసీలో అడగండి. ఇకామా గడువు, రీ-ఎంట్రీ చూసుకోండి. టూరిస్టు వీసాపై అక్కడ ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంట్లను మాత్రం నమ్మొద్దు.