ఎన్నికల పరిహాసము – నవ్విన నాపచేను



ఎన్నికల వేళ ఒక పక్షమువారు మరియొక పక్షమువారిని ఎగతాళి చేయుటను గురించి ఈ పూట మీతో ముచ్చటింపదలచినాను. సభలో వినిన లెక్కలను ఇల్లు చేరులోపలనే మరచిపోవుదుము. నవ్వు పుట్టించిన మాట మాత్రము మరునాడును రచ్చకట్ట కడ వినబడుచుండును. కావుననే పార్టీలవారికి పరిహాసముపై అంత మక్కువ. అయితే నవ్వించినవాడే నెగ్గునా? ఆ నవ్వువలన ఓటరునకేమైన మేలు కలదా? కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో ఇటీవల జరిగిన సంగతులనుబట్టియే దీనిని విచారింతము.

2006వ సంవత్సరమున కరీంనగరము లోకసభ సభ్యులు కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు. శక్తి యున్నచో రాజీనామా చేసి మరల గెలిచి చూపుడని కాంగ్రెసు మంత్రి ఎం. సత్యనారాయణరావుగారు వారిని సవాలు చేసిరి. నీ బలము మాటలలోనిదే కాని ఊళ్లలోనిది కాదను ఎత్తిపొడుపు అందున్నది. వారు రాజీనామా నిచ్చిరి. డిసెంబరులో ఉపఎన్నిక జరిగినది. 2,00,000 పైచిలుకు ఆధిక్యముతో వారే గెలిచిరి. నవ్విన నాపచేనే పండునని మన పెద్దలు చెప్పిన మాట నిజమైనది. కాని 2008లో అదే స్థానమునకు మరల ఉపఎన్నిక రాగా వారి ఆధిక్యము 15,000 పైచిలుకునకు దిగినది. ఒక యేడు పండిన చేను ప్రతియేడును అట్లే పండదు.

2019లో తెలంగాణ రాష్ట్ర సమితివారు "కారు, సారు, పదహారు" అని ప్రాస కట్టిరి. కారు వారి గుర్తు, సారు వారి నాయకుడు, పదహారు వారు గెలువదలచిన స్థానములు. రాష్ట్రమునకున్నవి 17 స్థానములు. లెక్క తేలునప్పటికి వారికి వచ్చినవి 9. కరీంనగరము, ఆదిలాబాదు, నిజామాబాదు మూడును భారతీయ జనతా పార్టీకి పోయినవి. పిమ్మట ఆ ప్రాసనే ప్రత్యర్థులు తిప్పి పలికి నవ్విరి. గొప్పకు కట్టిన మాట ఎదుటివారి ఎగతాళికి చేతికఱ్ఱ యగుట ఇట్లే.

ఆ ఎన్నికలోనే రైతులొక వింత చేసిరి. మన జగిత్యాల, కోరుట్ల ప్రాంతములు నిజామాబాదు లోకసభ స్థానములో చేరియున్నవి కదా. పసుపునకును ఎఱ్ఱజొన్నలకును ధర లేదనియు, పసుపు బోర్డు రాలేదనియు 178 మంది రైతులు తామే పోటీకి నిలిచిరి. అభ్యర్థులు మొత్తము 185 మంది. పోలింగు కేంద్రమున ఓటు మీట నొక్కు యంత్రములు పండ్రెండింటిని వరుసగా కూర్చవలసివచ్చినది. ఒక్క ఎగతాళి మాట లేకుండ పార్టీలనన్నిటిని ఇంతగా వెక్కిరించినవారు లేరు.

బోర్డు తెత్తునని బాండు కాగితముపై వ్రాసియిచ్చిన భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ధర్మపురి అరవిందుగారు గెలిచిరి. నాలుగేండ్లు గడచినను బోర్డు రాలేదు. 2023 మార్చిలో నిజామాబాదు వీధులలో పసుపురంగు పలకలు వెలసినవి. మా ఎంపీగారు తెచ్చిన పసుపు బోర్డు ఇదియే యని వానిపై వ్రాసియున్నది. ఊరంతయు నవ్వినది. అదే యేడు అక్టోబరులో కేంద్రప్రభుత్వము జాతీయ పసుపు బోర్డును ప్రకటించినది. 2025 జనవరి 14న దానిని ప్రారంభించిరి. పలకలవలననే బోర్డు వచ్చినదని నేననను. కాని ఆ హాస్యము వెనుక ఒక బాకీ పద్దున్నది. బాకీని జ్ఞప్తిచేయు నవ్వు వేరు, మనిషిని కించపరచు నవ్వు వేరు.

ఇక 2024 సంగతి. పదేండ్లలో కేంద్రము తెలంగాణకిచ్చినది గాడిద గుడ్డని కాంగ్రెసువారు గోడపత్రికలు వేసిరి. ముఖ్యమంత్రి రేవంతురెడ్డిగారు సభలలో గుడ్డు బొమ్మనే చూపిరి. గాడిద గుడ్డు పెట్టదు గనుక, ఏమియు లేదనుటకు మనవారు ఆ మాట వాడుదురు. ఇందు నిజమెంత? 2014 నాటి విభజన చట్టములో ఖమ్మము జిల్లా ఉక్కు కర్మాగారమును పరిశీలింతుమనియున్నది. 2024 ఎన్నికల నాటికి అది వెలయలేదు. అంతవరకు గుడ్డు మాట చెల్లును. కాని రామగుండములో ఎరువుల కర్మాగారము మరల నిలిచినది. 2022 నవంబరు 12న దానిని జాతికంకితము చేసిరి. అచట గుడ్డు మాట చెల్లదు.

ఓటరులేమి చేసిరి? కరీంనగరమున భారతీయ జనతా పార్టీకి 2,25,000 పైచిలుకు ఆధిక్యము వచ్చినది. ఆదిలాబాదు, నిజామాబాదులలోను వారే గెలిచిరి. ఎరువుల కర్మాగారమున్న పెద్దపల్లిలో మాత్రము కాంగ్రెసు గెలిచినది! రాష్ట్రమున రెండు పార్టీలకును ఎనిమిదేసి స్థానములు దక్కినవి. జనులు అందరి సభలలోను నవ్విరి. ఓటు మాత్రము తమకు తోచినట్లు వేసిరి.

పరిహాసమునకు ఎల్ల కూడ కలదు. ఎదుటి పార్టీ విధానములను, కార్యక్రమములను, గతములో చేసిన పనులను విమర్శింపవచ్చును గాని సొంత బ్రతుకుల జోలికి పోరాదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెప్పుచున్నది. అభ్యర్థి శీలమును గూర్చి అబద్ధమని యెరిగియు ప్రచారము చేయుట 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము అవినీతి చర్య. 2024 ఏప్రిలు 5న సిరిసిల్లలో కాంగ్రెసువారిపై పలికిన మాటలకుగాను చంద్రశేఖరరావుగారు 48 గంటలు ప్రచారము చేయరాదని ఎన్నికల సంఘము మే 1న ఆజ్ఞాపించినది. ఇక ఆకాశవాణిలో పార్టీలకు ఎన్నికల ప్రసంగ సమయమిచ్చుట 1977లో మొదలైనది. అందు ఏ మనిషినైనను పేరు పెట్టి విమర్శించుటకు వీలులేదు.

పెద్దలారా, ఊరిలో పదిమంది మీ మాట విందురు. సభనుండి వచ్చిన యువకుడు ఒక వేళాకోళపు మాట చెప్పి నవ్వినప్పుడు మీరును నవ్వుడు, తప్పులేదు. పిమ్మట మూడు ప్రశ్నలడుగుడు. ఆ మాట పనిపైనా, మనిషిపైనా? దాని వెనుక మనము చూచి తెలిసికొనదగిన నిజమేదైన కలదా? చెప్పినవాని పద్దులో అట్టి బాకీ లేదా? కల్లములో గాలికి తాలు ఎగిరిపోవును, గింజ చాట క్రింద నిలుచును. నవ్వు ఆ గాలి వంటిది. గాలిని చూచి ఎవడును ధాన్యము కొలువడు. నిలిచిన గింజను చూచియే కొలుచును. ఓటును అట్లే వేయుడు.