గుండ్రంగా లేని ఫోర్కుకు స్పీడు మీటరు

మన నాన్నల సైకిళ్లకు డైనమో ఉండేది గుర్తుందా? ముందు ఫోర్కు గొట్టానికి క్లాంపు వేసి బోల్టు బిగిస్తే కదలకుండా నిలిచేది. గొట్టం గుండ్రంగా ఉండబట్టే ఆ పట్టు. పందెపు సైకిలు దగ్గర ఈ తెలివి పనిచేయదని గత సంవత్సరం మాకు తెలిసొచ్చింది.

మా హాస్టల్ తమ్ముడొకడు సైక్లింగ్ సెలక్షన్ కోసం ఒక కార్బన్ సైకిలు అరువు తెచ్చుకున్నాడు. ఒక సీనియర్ అన్న పాత వైరు మీటరు ఇచ్చాడు. 40 కిలోమీటర్లు తొక్కితే తన వేగమెంతో తమ్ముడికి తెలియాలి. ఫోర్కుకు గీత పడితే మాత్రం డబ్బు కట్టుకోవాలి. అందరం తలా ఒక చెయ్యి వేశాం.

మీటరు పని చాలా సులువు. చక్రం పుల్లకు చిన్న అయస్కాంతం, ఫోర్కుకు సెన్సరు ఉంటాయి. సెన్సరు లోపల గాజు గొట్టం, అందులో రెండు సన్నని ఇనుము-నికెల్ రేకులు. దీన్నే రీడ్ స్విచ్ అంటారు. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఎల్‌వుడ్ కనిపెట్టాడు. అయస్కాంతం దగ్గరికి రాగానే రేకులు అంటుకుంటాయి, దాటిపోగానే విడిపోతాయి. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక లెక్క. గంటకు 36 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు 5 లెక్కలు పడతాయి.

ఇక ఫోర్కు సంగతి. గుండ్రటి గొట్టం వెనుక గాలి సుడులు తిరిగి సైకిలును వెనక్కి లాగుతుంది. అందుకే పందెపు ఫోర్కును చేపలా పలచగా, వెడల్పుగా చేస్తారు. గాలి కోసం ఇంత తాపత్రయమా అని నవ్వకండి. 1989లో గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది 8 సెకన్ల తేడాతోనే!

సెన్సరు అడుగుభాగం గుండ్రటి గొట్టానికి సరిపడా వంపు తిరిగి ఉంటుంది. చదును ఫోర్కు మీద పెడితే ఊగింది. ప్లాస్టిక్ టై చుట్టూ చాలలేదు. రెండు టైలు కలిపి కట్టాం. ఫోర్కు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి నాలుగు కిలోమీటర్లకే జారింది. పైగా పుల్లలకూ సెన్సరుకూ దూరం ఎక్కువై లెక్కలు తప్పాయి. సాధారణంగా 5 మి.మీ. లోపు ఉండాలి.

అయస్కాంతాన్ని కిందికి, హబ్బు వైపుకు జరుపుదామన్నాం. పుల్లలు అక్కడ బయటికి విచ్చుకుంటాయి కనుక దూరం తగ్గుతుంది. "అక్కడ అయస్కాంతం నెమ్మదిగా తిరుగుతుంది, స్పీడు తక్కువ చూపిస్తుంది" అని సగంమంది వాదించారు. అది పొరపాటు. మీటరు లెక్కపెట్టేది చుట్లను, అయస్కాంతం వేగాన్ని కాదు.

పంక్చరు షాపు నుంచి పాత ట్యూబు ముక్క తెచ్చి, సెన్సరు కింద వంపు నిండేలా మడిచి పెట్టి టై వేశాం. రబ్బరు జారదు, ఫోర్కును గీరదు. కార్బన్ కదా అని టైని మరీ బిగించలేదు. వైరును టేపుతో ఫోర్కుకు అంటించాం. అది పుల్లల్లో పడితే మనిషే పడతాడు.

అప్పుడు ఇంకో చిక్కు. మీటరు 41 కి.మీ. చూపించే దారి రాళ్ల లెక్కన 40 మాత్రమే. మీటరులో పాత సైకిలు టైరు చుట్టుకొలత 2155 మి.మీ. ఉండిపోయింది. ఈ టైరుది 2096. తమ్ముడు సంబరపడ్డ వేగంలో దాదాపు 3 శాతం ఉత్తదే! టైరుకు సుద్దగీత పెట్టి, మనిషి కూర్చుని ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిచి సరిచేశాం. ఆ రోజు తమ్ముడు అన్నం సరిగా తినలేదు. మర్నాడు 5 గంటలకే రోడ్డెక్కాడు.

అయస్కాంతం అక్కర్లేని హబ్బు సెన్సర్లు, జిపిఎస్ మీటర్లు ఇప్పుడు ఉన్నాయి. ధర అడిగి వెనక్కి వచ్చాం. సైకిలు తిరిగి ఇచ్చినప్పుడు ఫోర్కు మీద ఒక్క గీత లేదు. మీటరూ ట్యూబు ముక్కా మా గదిలోనే ఉన్నాయి, కావలసిన తమ్ముళ్లు అడిగి తీసుకోవచ్చు.