తెగిన పడుగు

నారాయణపేటలో పట్టుచీర నేయుచున్న మగ్గము ప్రక్కన కొంతసేపు కూర్చున్నవారికి ఒక సూక్ష్మమైన పని కంటబడును. ఒక పడుగు నేయుట ముగిసినంతనే నేతగాడు పోగులను అచ్చు మొదలంట కోసివేయడు. కొంత మేర మిగిల్చి, బూడిద అద్దుకొన్న వేళ్లతో క్రొత్త పడుగు పోగులను ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలివేసి అతుకును. ఆ కొసలే లేనిచో వేలకొలది పోగులను మరల మొదటినుండి అచ్చులోనికి ఎక్కింపవలసివచ్చును.

స్త్రీ గర్భసంచి లోపొర కథయు ఇట్టిదే. నెలనెలా ముట్టుతో దాని పైభాగము రాలిపోవును; కండరమునంటియున్న మూలస్తరము నిలిచి, రాలినదానిని రెండు వారములు తిరుగకమునుపే మరల పెంచును. ఈ పునస్సృష్టి ఒక జీవితమున సుమారు 400 మారులు జరుగును. ఆ పొర కణములలో అత్యల్పభాగమునకు మాత్రమే ఒంటరిగానుండియు సమూహములుగా పెరుగు శక్తి కలదని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కెరొలిన్ గార్గెట్ బృందము 2004లో నిరూపించినది.

గర్భస్రావానంతరము గర్భసంచిని శుభ్రపరచునపుడు లోతుగా గీకుటవలనగాని, మన దేశమున తరచుగా క్షయవలనగాని మూలస్తరమే నశించినచో, గోడలు ఒకదానికొకటి అంటుకొని ముట్టు సన్నగిల్లును, ఒక్కొక్కప్పుడు నిలిచిపోవును. 1948లో జోసెఫ్ ఆషర్మన్ విపులముగా వర్ణించుటచే దీనికి ఆయన పేరే నిలిచినది. గొట్టపు కెమెరాతో లోపలికి చూచుచు అతుకులు విడదీయవచ్చును, ఈస్ట్రోజన్ మందులు ఈయవచ్చును. కాని పెరుగవలసిన కణములే లేనిచోట మందు దేనిని పెంచును?

రక్తరోగమునకై ఇతరుల ఎముక మజ్జ పొందిన నలుగురు స్త్రీల గర్భాశయపు పొరలో దాతల కణములు కనబడినవని అమెరికాలో హ్యూ టేలర్ 2004లోనే ప్రకటించి ఆశకు ద్వారము తెరచెను. అహ్మదాబాదు వైద్యులు 2011లో వ్యాధి ముదిరిన ఒక స్త్రీకి ఆమె మజ్జనుండియే తీసిన మూలకణములను గర్భకుహరమున ప్రవేశపెట్టి, పొర పెరిగిన పిమ్మట పరీక్షనాళికా పద్ధతిచే ఆమె గర్భము ధరించినదని తెలిపిరి. 2016లో స్పెయిన్ వైద్యులు, మజ్జనుండి రక్తములోనికి రప్పించిన కణములను వడగట్టి, గర్భాశయపు సన్నని ధమనులలోనికి పంపి, పదునెనిమిది మందిపై ప్రారంభించిన పరిశీలనలో కొందరికి గర్భము నిలిచినదని ప్రకటించిరి.

అయినను, చికిత్స పొందనివారితో పోల్చి చూచిన పరీక్షలు కావవి. స్కానింగులో పొర మందము కొన్ని మిల్లీమీటర్లు పెరుగుట ఒకటి, బిడ్డ చేతికి వచ్చుట మరియొకటి. పోగు అతికినంతనే చీర కాదు. మన వైద్య పరిశోధన మండలి 2017 నియమముల ప్రకారము ఇట్టి చికిత్స అనుమతి పొందిన ప్రయోగముగానే జరుగవలెను. దానికి రోగివద్ద రుసుము పుచ్చుకొనరాదు. కనుక లక్షలు అడుగువారి గడప తొక్కకముందు దంపతులు మొదట అడుగవలసినది ఆ అనుమతిపత్రమునే. అంతకన్న ముందుగా చేయదగినది, క్షయను తొలినాళ్లలోనే పట్టుకొనుట, గర్భసంచిని శుభ్రపరచవలసివచ్చినపుడు గీకుటకు బదులు మెల్లగా పీల్చివేయు పద్ధతిని కోరుట. కొసలు మిగిలియున్న పడుగును అతుకుట ఎంతో సులభము.