గుండె దాకా వెళ్లిన గొట్టం

1929లో జర్మనీలోని ఎబెర్స్‌వాల్డే ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు, పెద్ద డాక్టరు వద్దన్నా వినకుండా, మూత్రనాళాలకు వాడే సన్నటి గొట్టాన్ని తన చేతి సిరలోకే ఎక్కించుకున్నాడు. 65 సెంటీమీటర్లు లోపలికి తోసి, ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడిచాడు. దాని కొస గుండె కుడి భాగంలో కనిపించింది. ప్రాణాపాయంలో మందును నేరుగా గుండెకు అందించాలన్నదే ఆయన ఆరాటం. నోబెల్ 1956లో గాని రాలేదు.

కాథెటర్ అనే ఆ గొట్టంతో చికిత్స చెయ్యడం చాలా ఆలస్యంగా మొదలైంది. గుండె పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్ సంకేతం దాటే ముడిని 1906లోనే మార్బుర్గ్‌లో జపాన్ వైద్యుడు సునావో తవారా వర్ణించాడు. కొందరికి పుట్టుకతోనే ఆ ముడిని తప్పించే అడ్డదారి ఒకటుంటుంది. సంకేతం దాని వెంట గిరగిరా తిరిగితే గుండె విపరీతంగా దడదడలాడుతుంది. ఆ దారిని మూసెయ్యడమే అబ్లేషన్.

1980ల మొదట్లో అమెరికాలో కాథెటర్ కొస నుంచి డీసీ షాక్ ఇచ్చేవారు. దెబ్బ ఎంత లోతుకు పోతుందన్నది ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. 1987లో డ్యూసెల్‌డార్ఫ్ వైద్యులు బోర్గ్రెఫె, బ్రైటార్ట్ బృందం ఒక రోగి గుండెలోని అడ్డదారిని రేడియో పౌనఃపున్య విద్యుత్తుతో మాడ్చినట్టు ప్రకటించింది. నా దృష్టిలో కథ మలుపు తిరిగింది ఇక్కడే. ఈ వేడి క్రమంగా ఎక్కుతుంది, తేడా కనిపిస్తే డాక్టరు వెంటనే ఆపగలడు. 1991లో హాంబుర్గ్ వైద్యుడు కుక్ బృందం ఈ పద్ధతిలో ఎందరో రోగుల ఫలితాలు వెల్లడించింది. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు గుండె పైగదులు అదుపు తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను రేపే సంకేతాలు ఎక్కువగా ఊపిరితిత్తుల సిరల్లోనే పుడుతున్నాయని చూపారు. అప్పటినుంచి ఆ సిరల నోళ్ల చుట్టూ మాడ్చిన గీత గీసి వాటిని వేరుచెయ్యడం మొదలైంది. వేడికి బదులు చలిబెలూను, ఇటీవల విద్యుత్ పల్సులు కూడా వచ్చాయి.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు అబ్లేషన్ ఇలా జరుగుతుంది. రోగికి మత్తిస్తారు. గజ్జలోని సిర గుండా కాథెటర్లు పంపి, ముందు గుండె విద్యుత్ పటం గీస్తారు. ఈ వెతుకులాటకు, చికిత్సకు కలిపి కొన్ని గంటలు పట్టవచ్చు. తరవాత గజ్జ నుంచి రక్తం కారకుండా కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. వారం రోజులు బరువులెత్తకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు కనీసం రెండు నెలలు వాడాలి, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మొదటి రెండు మూడు నెలల్లో దడ తిరిగొస్తే చికిత్స విఫలమైందని బెంగపడొద్దు. మాడిన కండ మచ్చకట్టి స్థిరపడటానికి ఆ వ్యవధి కావాలి.

ఒక్క ప్రమాదం, అరుదైనదే అయినా, ప్రతి ఇంట్లో తెలిసుండాలి. గుండె ఎడమ పైగది వెనకనే అన్నవాహిక ఉంటుంది, వేడి దానికీ తగిలి రెంటి మధ్య రంధ్రం పడవచ్చు. అబ్లేషన్ అయిన కొన్ని వారాలకు జ్వరం, మింగుతుంటే నొప్పి, చెయ్యో కాలో పడిపోవడం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఎండోస్కోపీకి సిద్ధం చేసేలోపే అబ్లేషన్ సంగతి చెప్పాలి. ఎండోస్కోపీలో లోపలికి ఊదే గాలి ఆ రంధ్రం గుండా పోయి ప్రాణం తీయవచ్చు, అందుకే ముందు ఛాతీకి సీటీ స్కాన్ చేస్తారు.