పాత లారీ కొనేవారు ముందు బరువు లెక్క వేసుకోవాలి

కృష్ణా డెల్టాలో ఒక వూరు. రెండేళ్ల కిందట అక్కడ ఐదుగురు కలిసి ఒక పాత లారీ కొన్నారు. ఒకాయన ఇరవై ఏళ్లుగా పరాయివాళ్ల లారీలు తోలిన డ్రైవరు. ఇద్దరు హమాలీలు. ఇద్దరు కౌలు రైతులు. ఇంట్లో ఆడవాళ్ల పుస్తెలు తప్ప మిగిలిన బంగారమంతా తాకట్టుకు పోయింది. చాలని సొమ్ము ఫైనాన్సు. కోతల కాలంలో సొంత బండి వుంటే వూళ్లో ధాన్యం తామే మిల్లుకు తోలుకోవచ్చు, కిరాయి లారీ కోసం షావుకారు గుమ్మం ముందు నిలబడే పని తప్పుతుంది అనుకున్నారు. ఆలోచన మంచిదే. లారీకి అప్పుడే రంగు వేశారు. ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి వున్నాయి. సాయంత్రం పూట వెళ్లి చూశారు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. అక్కడికక్కడే అడ్వాన్సు చేతిలో పెట్టారు.

నలభై రోజులకు ఇంజను ఆయిలు తాగడం మొదలుపెట్టింది. మూడో నెలలో వెనక కమాన్ కట్ట దగ్గర చాసిస్ పగిలింది. బండి షెడ్డులో పడింది. నెల వాయిదా మాత్రం ఒక్క రోజు ఆగలేదు.

మేము ఆ బండిని తర్వాత చూశాం. పగిలిన చోటికి రెండంగుళాల అవతల పాత అతుకు వుంది. దాని మీదే కొత్త రంగు వుంది. పగటి వెలుతురులో ఒక మనిషి బండి కింద పడుకుని పది నిమిషాలు చూసివుంటే కనిపించేదే. డ్రైవరుకు బండి పని తెలియక కాదు. "తొందర పెట్టారండీ, వేరే పార్టీ వస్తోందన్నారు" అన్నాడాయన. పాత లారీల బేరంలో బ్రోకరు చేతిలో వుండే పెద్ద ఆయుధం ఆ వేరే పార్టీయే. అది వస్తోందని చెప్పడమే గాని వచ్చినట్టు చూసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు చాలా వూళ్లలో కూలీ సంఘాలవాళ్లు, హమాలీ ముఠాలు, కౌలుదార్లు కలిసి బండి కొనాలని చూస్తున్నారు. వాళ్లకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మొదట చూడవలసింది లారీని కాదు, మీ సరుకును. ఏం మోస్తారు? ఎంత దూరం? ఎలాంటి దారి? ఆరు టైర్ల లారీకి బండీ సరుకూ కలిపి మొత్తం బరువు 16.2 టన్నులుగా వుండేది. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం దాన్ని 18.5 టన్నులకు పెంచింది. అయితే పాత బండి కొనేటప్పుడు మీ ఆర్.సి.లో ఏ అంకె రాసివుంటే అదే మీకు లెక్క. ఖాళీ బండి ఆరు టన్నుల దాకా తూగుతుంది. అంటే 16.2 టన్నుల బండి మీద చట్టప్రకారం వేయగలిగేది సుమారు పది టన్నులు. 75 కిలోల ధాన్యం బస్తాలైతే 133. రెండు వందల బస్తాలు వేసి తోలుతాం, అప్పుడు వాయిదా కట్టగలం అని ఎవరైనా లెక్క చెబితే ఆ లెక్క బండి నడుం విరిచే లెక్క. పట్టుబడితే 2019 సవరణ చట్టంలో అధిక లోడుకు 20 వేల జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ రెండేసి వేలు రాశారు.

సరుకును బట్టి బండి మారుతుంది. మిర్చి టిక్కీలు, వరిగడ్డి అయితే బరువుకన్నా ముందు చోటు నిండిపోతుంది. వాటికి పొడుగు తొట్టి కావాలి, ఇంజను మరీ పెద్దది కానక్కర లేదు. చీమకుర్తి గ్రానైటు రాయి అలా కాదు. ఘనమీటరు రాయి మూడు టన్నుల దగ్గర తూగుతుంది. తొట్టిలో మూలకు పెట్టిన చిన్న దిమ్మెకే లారీ నిండినట్టు. రాయి తోలిన బండినీ, ఇసుక క్వారీల్లో తిరిగిన టిప్పరునూ తొట్టి మార్చి ధాన్యం లారీగా అమ్ముతుంటారు. అలాంటి బండి జోలికి పోకపోవడమే మేలు.

లారీ పేరులోని అంకెలు చాలావరకు దాని శక్తిని చెబుతాయి. టాటా 1210 అంటే 12 టన్నుల మొత్తం బరువు, 100 హార్సు పవరు వరస. 1613 అంటే 16 టన్నులు, 130. లేలాండ్ 2518 అంటే 25 టన్నులు, 180. అన్ని మోడళ్లకూ ఇది సరిగ్గా కుదరదు. అయినా 11 టన్నుల బండికి 16 టన్నుల తొట్టి కట్టి చూపించేవాడి మోసం ఈ అంకెతోనే బయటపడుతుంది.

లారీ బదులు ట్రాక్టరూ ట్రక్కూ చాలదా అని అడిగేవారున్నారు. పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి అయిదారు కిలోమీటర్ల లోపు మిల్లుకు అయితే అదే మేలు. బురదలో లారీ దిగబడుతుంది, ట్రాక్టరు లాగుతుంది. కాని లాగడం వేరు, ఆపడం వేరు. మన పల్లెల్లో తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులు లేవు. నాలుగు టన్నుల లోడు వెనక నుంచి తోస్తుంటే కాలువగట్టు దిగేటప్పుడు ట్రాక్టరు బ్రేకు ఒక్కటే ఆపలేదు, ట్రక్కు పక్కకు తిరిగి ట్రాక్టరును కూడా తిప్పేస్తుంది. పాత ట్రక్కు కొంటే కొక్కెం అరిగిందా, దాని పిన్నుకు తాళం చీల వుందా, ఇరుసు వంగిందా చూడండి. ట్రాక్టరుకు వేరుగా, ట్రక్కుకు వేరుగా రిజిస్ట్రేషను వుండాలి. రెంటికీ బీమా వుండాలి. వ్యవసాయానికని రిజిస్టరయిన ట్రాక్టరుతో కిరాయి తోలితే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట అడిగేది ఆ మాటే.

ఇక బండి చూడడం. తెల్లవారుజామున వెళ్లండి, చెప్పకుండా వెళితే మరీ మంచిది. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి వేయండి. వెచ్చగా వుందంటే మీరు రాకముందే దాన్ని వేడి చేసి పెట్టారన్న మాట. చల్లారిన ఇంజను ఎలా అందుకుంటుందో చూడాలి. గొట్టం నుంచి వచ్చే పొగ చాలా కబుర్లు చెబుతుంది. నల్ల పొగ అయితే నాజిళ్లో, పంపో, గాలి ఫిల్టరో. దానికి మందు వుంది. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది, రింగులూ బోరూ అరిగాయి. అది పెద్ద ఖర్చు. తెల్ల పొగ మొదట కాసేపు వస్తే పరవాలేదు, వేడెక్కాక కూడా ఆగకపోతే కంప్రెషన్ పోయిందనో, నీళ్లు లోపలికి దిగుతున్నాయనో అర్థం. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. అక్కడినుంచి పొగ బుసబుసమని కొడితే బేరం ఆపెయ్యవచ్చు. ఆయిలు పుల్ల తీసి చూస్తే మజ్జిగలా తెల్లగా వుంటే నీళ్లు కలిసినట్టే. రేడియేటరు నీళ్ల మీద జిడ్డు తేలినా, బుడగలు వచ్చినా అంతే.

ఇంజను పోతే చేయించుకోవచ్చు. చాసిస్ పోతే బండే పోయింది. అందుకని ఎక్కువసేపు బండి కింద వుండండి. టార్చి లైటు, ఒక గుడ్డ, చిన్న సుత్తి తీసుకెళ్లండి. కమాన్లు బిగించిన చోట, క్యాబిను వెనక, రివిట్ల చుట్టూ బీటలు, అతుకులు, పక్కన పట్టీ వేసి బిగించిన గుర్తులు వున్నాయేమో చూడండి. ఒకచోట మాత్రమే రంగు మెరుస్తుంటే అక్కడ గుడ్డతో తుడిచి గోకండి. కమాన్ కట్టలో అదనపు పట్టీలు వేసివుంటే ఆ బండి ఓవర్‌లోడు తోలిందని దాని నోటితోనే చెప్పినట్టు. వెనక జంట టైర్లలో లోపలి టైరును మరిచిపోవద్దు, అరిగినవన్నీ అక్కడే దాస్తారు. ముందు టైర్లు ఒక పక్కే అరిగివుంటే కింగ్ పిన్నులో, వంగిన ఇరుసో కారణం. చాసిస్ నంబరు గీకి మళ్లీ కొట్టినట్టు కనిపించినా, ఆర్.సి.తో ఒక్క అంకె కలవకపోయినా అక్కడినుంచి వచ్చేయండి. దొంగ బండి కేసులో ఇరుక్కునేది కొన్నవాడే.

చివరి పరీక్ష లోడు పరీక్ష. అమ్మేవాడు ఖాళీ బండిని రోడ్డు మీద తిప్పి చూపిస్తాడు. ఖాళీ బండి అందరికీ బాగానే నడుస్తుంది. లోడుతో కాలువ వంతెన ఎక్కించండి. మధ్యలో ఆపి మళ్లీ ఎత్తండి. క్లచ్చి కాలిన వాసన వస్తుందా, గేరు జారుతుందా, వెనక డిఫరెన్షియల్ అరుస్తుందా అక్కడ తెలుస్తుంది. ఇంజను ఆపి బ్రేకు తొక్కి పట్టుకుని చెవి పెట్టండి. గాలి కారే చప్పుడు వినిపించకూడదు. డీజిలు ఎంత తాగుతుందో కూడా ఆరా తియ్యాలి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండికీ, మూడున్నర ఇచ్చే బండికీ తేడా చిన్నగా కనిపిస్తుంది. రోజుకు వంద కిలోమీటర్లు, ఏడాదికి రెండు వందల రోజులు తిరిగితే అది ఏడు వందల లీటర్ల పైమాటే.

ఏ కాలపు బండి కొనాలన్న ప్రశ్న కూడా వుంది. 2017 ఏప్రిల్ 1కి ముందు అమ్మిన లారీలు ఎక్కువ భాగం భారత్ స్టేజ్-3 రకం. వాటి పంపును మామూలు మెకానిక్కు విప్పి సరిచేస్తాడు. ఆ తర్వాతి వాటిలో కంప్యూటరు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన స్టేజ్-6 లారీలకు పొగ శుభ్రపడడానికి యూరియా ద్రావణం కూడా పోస్తుండాలి. అది అయిపోతే ఇంజను బలం తానే తగ్గించుకుంటుంది. సుత్తీ పానాతో పని కాదు, పట్నంలో స్కానరు వున్నవాడి దగ్గరికి పోవాలి. అలాగని మరీ పాతది కొన్నా చిక్కే. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన వాటికి 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము బాగా పెంచారు. పెద్ద కంపెనీలు కొత్త బండ్లకు మారిపోగలవు. ఈ భారం మోసేది పాత బండి మీద బతికేవాడే.

కాగితాల సంగతి. ఆర్.సి., ఫిట్‌నెస్, పర్మిట్, పన్ను రసీదు, బీమా, చలానా బాకీలు, అన్నీ అడ్వాన్సుకు ముందే చూడాలి. పాత ఫైనాన్సు తీరివుంటే ఫైనాన్సు కంపెనీ సంతకంతో 35వ నంబరు ఫారం, బాకీ లేదన్న పత్రం రెండూ కావాలి. నోటిమాట చాలదు. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. అవతలి రాష్ట్రం బండి అయితే అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం వుండాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి బండి చేతులు మార్చే పద్ధతి మన దగ్గర ఎక్కువ. దానివల్ల అమ్మినవాడికీ ముప్పే. ఆర్.సి.లో పేరు వున్నవాడే యజమాని, ప్రమాదానికి అతనే బాధ్యుడని 2018లో సుప్రీం కోర్టు చెప్పింది. బీమా కూడా పద్నాలుగు రోజుల్లోగా మీ పేరున మార్పించమని రాసివ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మనుషులది. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది వ్యవసాయ కూలీ స్త్రీలు. సరుకు బండి సరుకు కోసమే. ట్రక్కులో గాని, లారీలో లోడు మీద గాని కూలీలను ఎక్కిస్తే, బండి తిరగబడినప్పుడు పట్టుకోవడానికి ఏమీ వుండదు. తర్వాత ఇంటివాళ్లకు దక్కేదీ తక్కువే. సరుకు యజమానికి గాని అతని ప్రతినిధికి గాని బీమా వర్తిస్తుంది. వూరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. బండితోపాటు వెళ్లి ఎత్తి దించే హమాలీల సంగతి వేరు. డ్రైవరు, క్లీనరు, ఇంతమంది కూలీలు అని సంఖ్యతో సహా బీమా పత్రంలో రాయించి, వాళ్లకయ్యే ప్రీమియం కట్టవచ్చు. లారీ ధరలో అది లెక్కకు రానంత చిన్న మొత్తం. చాలామంది యజమానులు దాన్నీ మిగుల్చుకుంటున్నారు. బండి కూలీలదే అయినప్పుడు కూడా మిగుల్చుకుంటే ఇక ఏం చెప్పాలి!

కలిసి కొనేవాళ్లు ఆర్.సి. ఒకరి పేరున వున్నా, ఎవరు ఎంత పెట్టారు, వాయిదా ఎవరు కట్టాలి, మరమ్మతు నిధికి ప్రతి ట్రిప్పులో ఎంత తీయాలి, ఒకరు తప్పుకుంటే లెక్క ఎలా తేల్చాలి అన్నవి స్టాంపు కాగితం మీద రాసుకోవాలి. అన్నదమ్ముల్లాంటివాళ్లం మాకు కాగితమెందుకు అనేవాళ్లే ముందు రాసుకోవాలి.

మొదట చెప్పిన ఐదుగురూ ఆ బండిని తుక్కు ధరకు వదిలించుకున్నారు. తాకట్టు బంగారం ఇంకా పూర్తిగా విడిపించుకోలేదు. సంక్రాంతి దాటాక మళ్లీ ఒక బండి వుందంటే చూడడానికి చీకటితోనే బయలుదేరి పట్నం వెళ్లారు. బ్రోకరు ఇంకా పళ్లు తోముకుంటున్నాడట. డ్రైవరు నేరుగా వెళ్లి ఇంజను మీద చెయ్యి వేశాడు. వెచ్చగా వుంది. తలో టీ తాగి, మొదటి బస్సుకే ఇంటికి వచ్చేశారు.