క్రోటన్‌కు ఎరుపు కత్తెరతో రాదు

క్రోటన్ ఆకులు పచ్చబడితే జానెడు మోడు మిగిల్చి నరికేయాలట, అప్పుడు వచ్చే చిగురు ఎర్రగా ఉంటుందట. ఈ సలహా ఎవరు మొదలుపెట్టారోగానీ, బాల్కనీల నిండా మోడులే కనిపిస్తున్నాయి. నరికాక వచ్చిన చిగురూ పచ్చగానే ఉంటుంది. కోత చాల్లేదనుకుని మళ్లీ కోస్తారు. ఇలా రెండు మూడుసార్లయ్యేసరికి కొమ్మలో దాచుకున్న శక్తి హరించుకుపోతుంది. నీళ్లు మాత్రం రోజూ పోస్తూనే ఉంటారు. ఆకుల్లేని మొక్క ఆ నీటిని వాడుకోలేక వేర్లు కుళ్లి చస్తుంది.

చిగురు పచ్చగా రావడం జబ్బు కానే కాదు. చాలా క్రోటన్ రకాల్లో లేతాకు పచ్చగానో పసుపుగానో పుడుతుంది. వెలుతురులో ముదిరేకొద్దీ పత్రహరితం తగ్గి, ఆంథోసయనిన్లనే ఎర్ర వర్ణకాలు పెరిగి, నారింజ, ఎరుపు, మెరూన్ రంగులు తేలతాయి. అంటే రంగు పండాల్సిన ఆకునే కోసి పారేస్తున్నారు!

ముదురాకులు కూడా పచ్చగానే ఉండిపోతున్నాయంటే వెలుతురు చాలడం లేదన్నమాట. దొరికిన కాస్త వెలుగును పట్టుకోవడానికి మొక్క పత్రహరితం పెంచుకుంటుంది. కుండీని ఉదయపు ఎండ తగిలే చోటికి మార్చండి, కొత్తాకులు అక్కడ ముదిరి రంగు పట్టేదాకా ఓపిక పట్టండి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో చాలావరకు షేడ్‌నెట్ కింద పెరిగినవే. వాటిని తెచ్చిన రోజే మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు మాడతాయి. రెండు వారాలపాటు కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేయాలి.

బీట్‌రూట్ నీళ్లు, కుంకుమ నీళ్లు పోయకండి. రంగు ఆకులోనే తయారవుతుంది, వేర్ల గుండా ఎక్కదు. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోపానికే మందు. యూరియా ఎక్కువైతే ఆకు ఇంకా పచ్చబడుతుంది. క్రోటన్ పాలు చుక్క పడితే ప్రాణం పోతుందన్నదీ అబద్ధమే. తీవ్రంగా విరేచనాలు చేయించే క్రోటన్ నూనె నేపాళం గింజలది. మన తోటలోది కోడియం అనే వేరే మొక్క. దీని పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, బట్టలకు మరక చేస్తాయి. పసిపిల్లలు ఆకు నమిలితే నోరు మండి వాంతులు కావచ్చు. అందుకని వాళ్లకు అందకుండా ఉంచండి, కోసేటప్పుడు మీరు గ్లవ్స్ వేసుకోండి.

కత్తిరించమనేవాళ్ల మాట ఒకచోట ఒప్పుకోక తప్పదు. రంగురంగుల మొక్కలో ఒక్క కొమ్మ మాత్రం పూర్తి పచ్చగా, మిగతావాటికంటే జోరుగా ఎదుగుతుంటే దాన్ని పుట్టిన చోటికే కోసేయాలి. లేకపోతే అదే మొక్కంతా ఆక్రమిస్తుంది. అలా కాక ఏదైనా కొమ్మ కొత్త రంగులో వస్తే మాత్రం కోయకండి, గాలి అంటు కట్టండి. ఎన్నో క్రోటన్ రకాలు అలా పుట్టినవే.

మొక్క సన్నగా, పొడుగ్గా సాగిపోయినా కత్తిరింపు మంచిదే. తొలకరి పడ్డాక జూన్, జులైల్లో, మూడో వంతుకు మించకుండా, కణుపుకు కాస్త పైన కోయండి. హైదరాబాద్ చలికాలంలో దాని జోలికి పోవద్దు. ఆ చలికి ఆకులు వాటంతట అవే రాలతాయి, చిగురు ఆలస్యమవుతుంది.

వేసవిలో ఆకు మెరుపు పోయి సన్నని చుక్కలు పడితే ఎర్రనల్లి పట్టిందేమో చూడండి. దానికీ కత్తెర అక్కర్లేదు. నాలుగైదు రోజులకోసారి ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొడుతూ ఉండండి.