‘తోతా చష్మ్’ - ఒక అపవాదు

ఉర్దూలో కృతఘ్నుని ‘తోతా చష్మ్’, అనగా చిలుక కన్నులవాడు, అని అంటారు. రెండేళ్లపాటు చేతిపై ఆడిన రామచిలుక ఒకనాడు, జామపండు తినిపించిన వేలినే కొరికినప్పుడు ఇంటివారు ఈ మాటనే తలచుకుంటారు. ఆ నింద న్యాయమైనది కాదని మా అభిప్రాయం.

చిలుక కన్ను మారే మాట నిజమే. పిల్లగా ఉన్నప్పుడు కనుపాప చుట్టూ నల్లగా ఉండే వలయం క్రమంగా లేత పసుపు ఛాయకు తిరుగుతుంది. అది వయసు చేసే పని. పిల్లలలో ఆడమగ తేడా కనిపించదు. రెండు మూడేళ్ల ప్రాయంలో మగదానికి గడ్డం కింద నల్లని చార, మెడ వెనుక గులాబి వన్నె కంఠి ఏర్పడతాయి. ఆడదానికి ఆ కంఠి రాదు. వచ్చే ఏడైనా వస్తుందని ఎదురుచూసేవారిని మేమెరుగుదుము!

శరీరంతోపాటు స్వభావమూ మారుతుంది. శీతకాలంలో మొదలయ్యే జతకట్టే ఋతువులో చిలుక పంజరాన్నే గూడుగా భావించి, లోనికి చాపిన చేతిని కరుస్తుంది, బిగ్గరగా అరుస్తుంది. మగచిలుక తిన్న గింజలను వెలికి తెచ్చి, నచ్చిన మనిషికో, అద్దంలోని తన ప్రతిబింబానికో అందించబోతుంది. వ్యాధియని భయపడి మందు పోసేవారు కలరు. జంటకు ఆహారమిచ్చే ఆచారమది. దండిస్తే కాటు హెచ్చుతుంది; అద్దం తీసివేసి, వీపు నిమరడం మానితే కొంత శాంతిస్తుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టి పెంచడం నేరం. అయినను పంజరాలు కనిపిస్తూనే ఉన్నవి. విసుగుతో కిటికీలోనుండి వదలివేసిన పెంపుడు చిలుకకు మేత వెదకుకొనుట తెలియదు. దానిని అటవీశాఖకు అప్పగించవలె.